పల్లకీ దారిలో పువ్వు

మా అయ్యవారికి ఒక అలవాటు ఉండేది. తెల్లవారి ముఖం కడుక్కోగానే ఒక పాత దుత్త చంకన పెట్టుకొని, ఆశ్రమం గుమ్మం నుంచి ఏటి దాకా ఉన్న కాలిబాట వెంట వంగి నడుస్తూ, గాలికి రాలిన తుమ్మముళ్ళు ఏరేవారు. ప్రతి ముల్లునూ రెండు వేళ్ళతో పైకెత్తి, దానికేసి ఒకసారి చూసి, "ముల్లు" అని పైకి అని, ఆ తర్వాతే దుత్తలో వేసేవారు. నేను అక్కడ వంటవాడిగా చేరిన కొత్తలో అదేదో మంత్రమనుకున్నాను. అలా అనుకున్నది నేనొక్కణ్ణే కాదు. పట్నం నుంచి వచ్చిన ఒక భక్తుడైతే ఆ మాటను నూటెనిమిదిసార్లు రాసి, ఆ కాగితాన్ని తాయెత్తులో పెట్టి కట్టుకున్నాడు. అయ్యవారికి ఆ సంగతి తెలిసి నవ్వుతారనుకున్నాం. నవ్వలేదు సరికదా, ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు.

ఆయన్ని స్వామీ అని పిలిస్తే పలికేవారు కాదు. అయ్యవారూ అంటేనే తిరిగి చూసేవారు. బడిపంతుళ్ళను పిలిచినట్టు ఆ పిలుపేమిటని మేము చాటున అనుకునేవాళ్ళం.

ఆయన శిష్యుల్లో శరభయ్య అని ఒకడుండేవాడు. పట్నంలో చదివి వచ్చాడు. మంచివాడే, కానీ మజ్జిగ పొయ్యమనడం కూడా ఉపన్యాసంలా మొదలుపెట్టేవాడు. ఆ ఏడు ఏటికి అవతల ఉన్న సంస్థానంలో జనం రాజు మీద తిరగబడుతున్నారు. అక్కడి సంఘం వాళ్ళు సభలో మాట్లాడమని శరభయ్యకు కబురు పెట్టారు. మర్నాడు పొద్దున పూలు కట్టిన బండి పంపుతామన్నారు. బండి సంగతి నాకు మూడుసార్లు చెప్పాడు, అందులో రెండుసార్లు పూల సంగతి కూడా చెప్పాడు. వెళితే తిరిగి రాడని మాకందరికీ తెలుసు. వెళ్ళమంటారో వద్దంటారో అయ్యవారి నోటి నుంచి వినాలని, ముళ్ళు ఏరే వేళకు ఆయన వెనకాలే బయలుదేరాడు. ఏటి నుంచి నీళ్ళు తేవాలి కనుక నేనూ బిందెతో వాళ్ళ వెంట నడిచాను.

"అయ్యవారూ, వెళ్ళేముందు ఒక్కటి తెలుసుకోవాలి," అన్నాడు శరభయ్య. "రాజును గద్దె దింపేది ఆలోచనా, ఆకలా? ఆలోచనే అయితే పుస్తకాలు పంచితే చాలు. ఆకలే అయితే అది తాతముత్తాతల నాటి నుంచీ ఉన్నదే కదా, మరి ఇన్నాళ్ళూ ఎందుకు దింపలేదు? రేపు సభలో ఎవరైనా అడిగితే ఏం చెప్పను?"

అయ్యవారు వంగినవారు వంగినట్టే ఉన్నారు. "సభలో చెప్పేది నాకు తెలియదు," అన్నారు. "ఒకచోట జరిగింది తెలుసు."

ఆయన చెప్పింది, నాకు గుర్తున్నంత వరకు, ఇది.

మేడిగడప అని ఒక చిన్న సంస్థానం ఉండేది. దాని రాజావారు క్రూరుడని చెప్పడానికి లేదు. క్రూరుడైతే కథ తేలికైపోయేది. ఆయనకు సంగీతం ఇష్టం, కుక్కపిల్లలంటే ప్రాణం, ఎవరి కంట నీరు చూసినా తట్టుకోలేడు. అందుకని ఆయన కంటికి కన్నీరు కనబడకుండా చూసుకోవడానికి పద్నాలుగు మంది ఉద్యోగులుండేవారు. ఎక్కడికి వెళ్ళినా పల్లకీలోనే వెళ్ళేవాడు. మోసేది బోయీలు. ఇంటికొకరు చొప్పున వెట్టికి రావాలి. ఒంట్లో బాగోకపోతే ఆ ఇంటి నుంచే ఇంకొకరు రావాలి. ఎవరూ లేరన్న మాట చెల్లదు.

పల్లకీకి ముందు నలుగురు, వెనక నలుగురు. ముందువాళ్ళకు దారి కనిపిస్తుంది. వెనకవాళ్ళకు పల్లకీ అడ్డం, కాళ్ళ కిందిది కూడా కనిపించదు. అందుకని ముందు నడిచేవాడు దారిలో ఏమున్నదో కేకేసి చెబుతుంటాడు, వెనకవాళ్ళు దాన్నిబట్టి అడుగు వేస్తుంటారు. ఇది ఏ ఊళ్ళో అయినా ఉన్న పద్ధతే. కానీ మేడిగడపలో ఒక విశేషం ఉంది. రాజావారి చెవిన అశుభం పడకూడదని ఏ తాతల నాడో ఒక కట్టుబాటు పెట్టారు. దాని ప్రకారం ముల్లును ముల్లనకూడదు, పువ్వు అనాలి. కంకరను ముత్యాలనాలి. బురదను గంధమనాలి. గుంట వస్తే ఉయ్యాల అనాలి. మూడు తరాలుగా ఆ బోయీలు అలాగే అంటున్నారు. వాళ్ళకు అదొక సంకేతమన్న సంగతి కూడా మరుపునబడింది. వాళ్ళ పిల్లలు కాల్లో ముల్లు గుచ్చుకుంటే "అమ్మా, పువ్వు గుచ్చుకుంది" అని ఏడ్చేవారు.

రాజావారు పుట్టింది మొదలు పరదా వెనక కూర్చుని ఈ కేకలే విన్నాడు. ఒకసారి నడివేసవిలో, ఆకు కూడా మిగలని అడవిలో పోతుండగా వరసగా "పువ్వు, పువ్వు" అని వినబడితే ముచ్చటపడి, "ఏం పువ్వురా, మాసన్నా?" అని అడిగాడు. మాసన్న ముందు నడిచే బోయీ, వాళ్ళందరికీ పెద్ద. "మల్లె, ఏలినవారూ," అన్నాడు. పైన రాజావారు వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చడం కింద వాళ్ళకు వినబడింది.

అదే ఊళ్ళో ఒక బడిపంతులు ఉండేవాడు. పట్నం నుంచి పుస్తకాలు తెప్పించుకొని చదివేవాడు. మనుషులంతా సమానమనీ, రాజ్యం ప్రజలదనీ, దూరదేశాల్లో జనం తమ రాజులను తామే దింపుకున్నారనీ వాటిలో ఉండేది. నాలుగేళ్ళపాటు సాయంత్రాలు బోయగేరిలో అరుగు మీద కూర్చొని అదంతా చెప్పాడు. వాళ్ళు మర్యాదగా విన్నారు. నడుమ నడుమ ఆవలించారు. అయిపోయాక చాప దులిపి ఇళ్ళకు పోయారు. నాలుగేళ్ళలో ఒక్క మనిషి కూడా ఒక్క ప్రశ్న వెయ్యలేదు. పంతులు తన గదికి పోయి, వీళ్ళు మొద్దులని తన పుస్తకం అంచున రాసుకున్నాడు. ఆ పుస్తకం చాలాకాలం ఉంది.

ఇలా ఉండగా మాసన్న చెల్లెలు జములమ్మ పుట్టింట పురుడుపోసుకుంది. మూడో నెల రాగానే ఆమెను, బిడ్డను తీసుకుపోదామని భర్త తాయప్ప కృష్ణ అవతల నుంచి వచ్చాడు. అతనూ పల్లకీ మోసే ఇంటివాడే, కానీ వాళ్ళ వైపు దొర వేరు, కట్టుబాట్లు వేరు. మర్నాడు ప్రయాణమనగా రాజావారు వేటబంగళాకు బయలుదేరాడు. వేరు కాపురమున్న మాసన్న తమ్ముడికి జ్వరం. ఆ ఇంటి నుంచీ ఒకరు రావాల్సిందే కనుక బావమరిది బదులు తాయప్ప వెళ్ళి వెనక కొమ్ముకు భుజం పట్టాడు. మన కేకలు వేరని అతనికి చెప్పాలన్న తలంపు ఒక్కరికీ రాలేదు. వేరని వాళ్ళకు తెలిస్తే కదా.

తుమ్మబీడులోకి రాగానే మాసన్న "పువ్వు" అని కేకేశాడు. మిగతా ముగ్గురూ కాలు ఈడ్చి వేశారు. తాయప్ప ఎవరి పూజకో తెచ్చిన పువ్వు దారిలో రాలింది కాబోలుననుకొని, అడుగు నిబ్బరంగా వేశాడు. వేలెడంత తుమ్మముల్లు మడమలో దిగింది. పల్లకీ ఒరిగితే ఇంటిల్లిపాదికీ కొరడాదెబ్బలు. ఆ కట్టుబాటు మాత్రం అన్ని సంస్థానాల్లోనూ ఒకటే, అది తాయప్పకు తెలుసు. పళ్ళు బిగించుకొని కోసు దూరం అలాగే మోశాడు. దించాక చూస్తే ముల్లు లోపలే విరిగి ఉంది. ఎనిమిదో నాటికి దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. ఒళ్ళు విల్లులా వంగిపోయి, నోరు తెరుచుకోక, పెళ్ళానికి ఒక్కమాట చెప్పకుండా పోయాడు.

బోయీ ఒకడు పోయాడని కోటలో తెలిసింది. రాజావారిది మెత్తని మనసని చెప్పాను కదా, ఎలా పోయాడని దివానును అడిగాడు. కొలువులో ముల్లు అన్న మాట రాకూడదు. దివాను కాసేపు నీళ్ళు నమిలి, "పువ్వు తొక్కి, మహాప్రభూ," అన్నాడు.

రాజావారు పకపకా నవ్వాడు. "పువ్వు తొక్కి చచ్చేంత సుకుమారులా మా బోయీలు!" అన్నాడు. తర్వాత పాపమని, శవం మీద కప్పమని ఒక పట్టుశాలువా పంపించాడు.

శాలువా కంటే ముందే ఆ నవ్వు బోయగేరికి చేరింది.

దినవారాలు అయిన మరునాడు జములమ్మ బిడ్డను చంకనేసుకొని బడికి వచ్చింది. పంతులు ఓదార్పుగా ఏదో మొదలుపెట్టబోతే ఆపింది.

"పంతులూ, నా మొగడు ఏం తొక్కి సచ్చిండు?"

"ముల్లు తొక్కమ్మా."

"మరి మా అన్న పువ్వు అన్నడేంది?"

"అలా అనాలని కట్టుబాటు."

"పైనున్నోని చెవి నొస్తదని కింద నడిచెటోని కాళ్ళకా కట్టుబాటు?" అంది జములమ్మ. "నాలుగేండ్ల సంది నువ్వు సమానం, సమానం అంటుంటవు. గా మాట నాకు తెల్వదు. ముల్లు తెలుసు. నీ పుస్తకాలల్ల ముల్లుకు ఏం పేరున్నదో సూసి చెప్పు."

పంతులు పుస్తకం మూసేశాడు. నాలుగేళ్ళు తాను వాళ్ళకు లేని మాటలు తెచ్చి ఇస్తున్నాననుకున్నాడు. వాళ్ళ దగ్గర ఉన్న మాటే లాక్కుపోయారన్న సంగతి అతనికి ఆ క్షణంలో తెలిసింది. ఆ సాయంత్రం అరుగు మీద అతను ఉపన్యాసం చెప్పలేదు. "రేపటి నుంచి ముల్లును ముల్లనండి. అంతే," అన్నాడు. ఆ రోజు ఎవరూ ఆవలించలేదు. మాసన్న ఒక్కడు తలవంచుకొని, "అంటే తోలు ఊడదీస్తరు," అన్నాడు. "అనకుంటే నీ చెల్లెలి మొగడు పోయిండు," అంది జములమ్మ.

మూడో నాడు రాజావారి పల్లకీ తుమ్మబీడు దాటుతోంది. మాసన్న గొంతు సవరించుకొని, "ముల్లు," అని కేకేశాడు. వెనక నలుగురూ "ముల్లు" అని బదులు పలికారు. పరదా కదిలింది.

"ఏమన్నావురా?"

"ముల్లు, దొరా."

"పువ్వని కదా అనాలి?"

"పువ్వయితే పువ్వంటం, దొరా. ఇది ముల్లు."

వెంట వచ్చే జవాను కొరడా తీశాడు. ఎనిమిది మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పల్లకీని పడెయ్యలేదు, ఒరిగించలేదు. కొత్త పెళ్ళికూతుర్ని దించినట్టు మెల్లగా నేల మీద దించి, పక్కకు జరిగి, చేతులు కట్టుకొని నిలబడ్డారు. జవాను ఒక్కడు, వాళ్ళు ఎనిమిది మంది. కోపంతో రాజావారు పరదా తోసుకొని బయటికి కాలు పెట్టాడు. జన్మలో మొదటిసారి ఆయన పాదం ఆ నేలను తాకింది. "అబ్బా, ముల్లు!" అని ఆయనే అరిచాడు.

ఆ అరుపు గొడ్లు కాసుకునేవాళ్ళు విన్నారు, కట్టెలకు వచ్చిన ఆడవాళ్ళు విన్నారు. ఇక ఏ ఊళ్ళో విన్నా అదే కథ. ముల్లుకు పేరు పెట్టగలిగినవాళ్ళకు మిగతావాటికి పెట్టడం ఎంతసేపు? సేవ అన్నదాన్ని వెట్టి అన్నారు. కానుక అన్నదాన్ని గుంజుకోవడమన్నారు. దేవుడు రాసిన రాత అన్నదాన్ని, దివాను రాసిన కాగితమన్నారు. పంతులు నాలుగేళ్ళుగా చెప్పిన మాటలన్నీ వాళ్ళకు గుర్తే ఉన్నాయి. ఆవలిస్తూ విన్నవి కూడా ఒక్కటీ పోలేదు. వాటిని తగిలించడానికి ఒక మేకు లేక ఇన్నాళ్ళూ ఊరుకున్నారు. రెండు నెలల్లో జనం కోట గుమ్మానికి వచ్చారు. కాల్పుల్లో పదకొండుమంది పోయారు, అందులో మాసన్న తమ్ముడొకడు. మూడో రోజున రాజావారు కుక్కపిల్లలతో సహా మోటారులో పట్నం వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఇక్కడిదాకా చెప్పి అయ్యవారు ఆగారు. శరభయ్య ముఖం వెలిగిపోతోంది.

"అంటే అయ్యవారూ, నొప్పి కాలికి తెలుసు, పేరు నోటికి కావాలి. రెండూ కలిసినప్పుడు రాజు దిగుతాడు. ఇది చాలు నాకు. రేపు సభలో ఇదే చెబుతాను."

"చెప్పు," అన్నారు అయ్యవారు. "కథ మాత్రం ఇంకా కొంచెం ఉంది."

ఆయన దుత్త కింద పెట్టి బాట పక్కన రాతి మీద కూర్చున్నారు. ముళ్ళు ఏరుతూ మధ్యలో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేనూ బిందె దించాను.

రాజు పోయాక జనం ఒక సంఘం పెట్టుకున్నారు. పంతులును దానికి పెద్దను చేశారు. అతను రెండు నెలలు చెప్పుల్లేకుండా ఊరూరా తిరిగాడు. నిజంగానే తిరిగాడు, అందులో అబద్ధం లేదు. పాదాలు పగిలి నెత్తురు కారితే జములమ్మే ఆముదం కాచి తెచ్చి ఇచ్చింది. ఇంతలో దసరా వచ్చింది. జమ్మిచెట్టు దాకా పంతులును ఊరేగించాలని ఊరివాళ్ళకు బుద్ధి పుట్టింది. కోటలో ఖాళీగా పడి ఉన్న పల్లకీని బయటికి లాగారు. పంతులు వద్దన్నాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాడు, కానీ ఈసారి కొంచెం మెల్లగా. మూడోసారి అడిగితే, ప్రజల కోరికను కాదనడానికి నేనెవణ్ణి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మోయడానికి ఊరంతా పోటీపడ్డారు. బోయీలే ఎందుకు మొయ్యాలి, అందరమూ సమానమే కదా అని గాండ్లవాళ్ళు, కుమ్మరివాళ్ళు, కోమట్లు కూడా వెనక కొమ్ములకు భుజాలు పట్టారు. దారి తెలిసినవాడని ముందు మాత్రం మాసన్ననే ఉంచారు. బయలుదేరేముందు సంఘం కార్యదర్శి అతణ్ణి పక్కకు పిలిచి, "అన్నా, మంచిరోజు. ఇవ్వాళ ఆ చెడ్డ మాట అనకు. అయినా మన రాజ్యంలో ముల్లేంది?" అన్నాడు. పరుపు మీద కూర్చున్న పంతులుకు ఆ మాట వినబడింది. ఏదో అందామనుకునేలోపల డప్పులు మోగాయి.

తుమ్మబీడు వచ్చింది. దారికి రెండువైపులా జనం నిలబడి బంతిపూలు చల్లుతున్నారు. నేల కనబడడం లేదు. ముళ్ళ మీద పూలు, పూల మీద పూలు. మాసన్న నడక నెమ్మదించింది. ఒక క్షణం ఆగాడు. తర్వాత మూడు తరాల గొంతుతో, "పువ్వు," అని కేకేశాడు. వెనక ఉన్న గాండ్లాయన పూలు చల్లుతున్న సంగతి చెబుతున్నాడనుకొని ఉత్సాహంగా అడుగు వేశాడు. పల్లకీ ఒకవైపు కొద్దిగా కుంగి, మళ్ళీ లేచింది. అబ్బా అన్న మాట సగంలోనే ఆగిపోయింది. మంచిరోజు కదా, ఆయన కూడా మింగేశాడు.

దారి పక్కన జములమ్మ బిడ్డతో నిలబడి ఉంది. ఆమె చేతిలో పూలు లేవు. ఆ కేక విని అన్న మొహం కేసి చూసింది. తర్వాత పల్లకీ కేసి చూసింది. పరదా తీసే ఉంది, ఎందుకంటే ఇది ప్రజల పల్లకీ. అందుకని లోపల ఉన్నవాడి మొహం కూడా ఆమెకు బాగా కనిపించింది. ఆ పూటే బిడ్డను తీసుకొని కృష్ణ దాటి అత్తవారి ఊరికి వెళ్ళిపోయింది. పిలవడానికి వెళ్ళినవాళ్ళతో, "అక్కడ ముల్లును ముల్లే అంటరు," అని చెప్పి పంపిందట.

అయ్యవారు మళ్ళీ దుత్త అందుకున్నారు. శరభయ్య మొహంలో వెలుగు పోయింది.

"మాసన్న కేక పంతులుకు అర్థం కాలేదా, అయ్యవారూ?"

"దాని అర్థం ఊరందరికీ చెప్పిందే అతను."

"మరి దిగలేదా?"

"ఎండగా ఉంది. లోపల నీడగా ఉంది."

శరభయ్యకు కోపం వచ్చింది. మా అయ్యవారి ముందు గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "కింద ఒకడి కాల్లో దిగిందని తెలిసి కూడా అలాగే కూర్చున్నాడా? కనీసం మాసన్నను ఒక్కమాట అడగలేదా?"

అయ్యవారు వంగి ఒక ముల్లు తీశారు. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకొని చాలాసేపు చూశారు. రోజూ అనే మాట అనలేదు.

"అడిగాను," అన్నారు. "నవ్వుతూనే అడిగాను. ఏం పువ్వు, మాసన్నా, అని."